జర్మన్ ముద్దుపిలుపు ‘షట్స్’: తరచుగా అడిగే ప్రశ్నలు

చదువుకో ఉద్యోగానికో జర్మనీ వెళ్లిన తెలుగువారికి, ఆ దేశపు కుటుంబాలతో వియ్యమందినవారికి, హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి ఆ భాష నేర్చుకుంటున్నవారికి తొలి నెలల్లోనే ఎదురయ్యే మాట ‘షట్స్’. నిఘంటువు దానికి ‘నిధి’ అని అర్థం చెబుతుంది. ఇళ్లలో మాత్రం అది భార్యాభర్తల మధ్య, తల్లీబిడ్డల మధ్య రోజూ వినిపించే పిలుపు. ఈ రెంటికీ పొంతన కుదరక అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నందువల్ల వాటిని ఇక్కడ కూర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మాట మొదటిసారి చెవిన పడినప్పుడు

‘షట్స్’ అంటే అసలు అర్థం ఏమిటి? నిధా, ప్రియుడా?

రెండూ. పాతిపెట్టిన నగలూ నాణేలూ షట్స్, దాచుకున్న సంపద షట్స్, మనసుకు దగ్గరైన మనిషీ షట్స్. ఏ అర్థమో వాక్యమే చెబుతుంది. ‘ఓడ మునిగిన చోట ఒక షట్స్ దొరికింది’ అంటే నిధి. ‘షట్స్, తాళంచెవి ఎక్కడ పెట్టావు?’ అంటే ఇంట్లో మనిషి. మన ‘బంగారం’ కూడా ఇలాగే పనిచేస్తుంది కాబట్టి ఈ ద్వంద్వం తెలుగువారికి కొత్త కాదు. తులం ధర అడిగే బంగారాన్నీ, ఒడిలో కూర్చున్న బంగారాన్నీ మనం ఎప్పుడూ కలగాపులగం చేసుకోము.

‘షాట్జ్’ అనాలా, ‘షట్స్’ అనాలా?

‘షట్స్’ దగ్గరగా ఉంటుంది. అచ్చు హ్రస్వం, దాన్ని సాగదీస్తే జర్మన్ల చెవికి కృతకంగా వినిపిస్తుంది. ఈ మాట చివర టి, జెడ్ అనే రెండు అక్షరాలు రాస్తారు. జెడ్ కనిపించగానే మనవారు ‘జ్’ అని పలుకుతారు, కానీ జర్మన్‌లో ఆ జంట ఎప్పుడూ ‘ట్స్’ ధ్వనినే ఇస్తుంది. ఈ ధ్వని మనకు పుట్టుకతో వచ్చినదే. ‘చలి’, ‘చాప’, ‘చుట్టం’ అనే మాటల మొదట్లో తెలుగువారు పలికే దంత్య చకారాన్ని, అంటే పాత పుస్తకాల్లో చ మీద గుర్తు పెట్టి చూపించే ధ్వనిని, ‘ష’ తరువాత గాలి వదిలినట్టు పలికితే సరిపోతుంది. ఇంగ్లీషు మీదుగా జర్మన్ నేర్చుకునేవారికి కష్టమయ్యే ఈ పలుకు మనకు నాలుక మీదే ఉంది.

చిన్న సాయం చేస్తే నా సహవిద్యార్థిని ‘డూ బిస్ట్ ఐన్ షట్స్’ అన్నది. అంటే నన్ను ఇష్టపడుతున్నదా?

లేదు. మాటకు మాట చూస్తే ‘నువ్వు ఒక నిధివి’. భావంలో అది హృదయపూర్వకమైన కృతజ్ఞత. ‘మనిషి బంగారం’ అని మనం అనే సందర్భం లాంటిదే ఇది. ఇక్కడ గమనించవలసినది ‘ఐన్’, అంటే ‘ఒక’ అనే మాట. ‘ఒక షట్స్‌వి’ అంటే మంచితనాన్ని మెచ్చుకోవడం. ‘మైన్ షట్స్’, అంటే ‘నా షట్స్’, అన్నప్పుడే అది దగ్గరితనాన్ని చెబుతుంది. ఈ ఒక్క మాట తేడా తెలియక అపార్థం చేసుకున్నవారు ఎందరో ఉన్నారు.

## మాట పుట్టుక గురించి

ఈ మాట ఎంత పాతది?

రాతలో దొరికే ఆధారాల ప్రకారమే పదహారు వందల ఏళ్లకు పైబడినది. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ బైబిలును గోతిక్ భాషలోకి అనువదించాడు. గోతిక్ నేటి జర్మన్‌కు తల్లి కాదు, అంతరించిపోయిన పినతల్లి వరస. ఆ అనువాదంలో మనకు దక్కిన సువార్తల భాగం చాలావరకు 6వ శతాబ్దపు వెండి అక్షరాల ప్రతిలో ఉంది, ఆ ప్రతి ఇప్పుడు స్వీడన్‌లోని ఉప్సాలాలో ఉంది. కైసరుకు పన్ను కట్టవచ్చునా అని అడిగినవారితో యేసు ఒక దేనారం తెచ్చి చూపమన్న ఘట్టం మార్కు సువార్తలో ఉన్నది కదా, అక్కడ ఆ నాణేనికి వుల్ఫిలా వాడిన మాట ఈ కుటుంబానిదే: ‘స్కట్ట్’. పాత జర్మన్‌లో అది ‘స్కట్స్’ అయి, డబ్బు, నాణెం, ఆస్తి అనే అర్థాలతో సాగింది.

ధ్వని మారిన తీరు కూడా క్రమబద్ధమైనదే. దక్షిణ, మధ్య జర్మన్ మాండలికాల్లో మాట మధ్యలోని ‘ట్ట’ ధ్వని ‘ట్స’గా మారింది, ఇంగ్లీషులో ‘క్యాట్’ అనే పిల్లి జర్మన్‌లో ‘కట్సె’ కావడం, ‘సిట్’ అనే క్రియ ‘జిట్సెన్’ కావడం ఈ మార్పు వల్లనే. తరువాత మాట మొదటి ‘స్క’ ధ్వని ‘ష’గా కరిగింది. అందుకే ‘స్కట్ట్’ నుంచి ‘షట్స్’ దాకా దారి అంత తిన్నగా కనిపిస్తుంది. ఉత్తరాన ఈ మార్పులు సోకని డేనిష్ భాషలో అదే మాట ఇప్పటికీ ‘స్కట్’ గానే ఉంది.

మొదట్లో దీనికి ‘పశువులు’ అనే అర్థం ఉండేదని చదివాను. నిజమేనా?

ఈ కుటుంబంలోని కొన్ని భాషల విషయంలో నిజమే. పాత ఫ్రీసియన్‌లో ‘స్కెట్’ అంటే డబ్బూ, పశువులూ రెండూ. స్లావ్ భాషల్లో ‘స్కోత్’ అంటే పశువులు. రష్యన్‌లో ఇప్పటికీ అదే అర్థం, పాత రష్యన్‌లో మాత్రం డబ్బు అనే అర్థం కూడా ఉండేది. జర్మానిక్ ప్రజల నుంచి స్లావులు తీసుకున్నారా, స్లావుల నుంచే అటు వెళ్లిందా అన్నది భాషావేత్తల మధ్య తేలని వాదం. ‘ముందు పశువులు, తరువాత డబ్బు’ అనే వరుసను నిర్ధారిత సత్యంగా రాసేవారిని నేను నమ్మను, ఎందుకంటే డబ్బు నుంచి పశువుల వైపు అర్థం నడిచి ఉండడానికీ అంతే వీలుంది.

పశువులూ సంపదా ఒకే మాటలో ఒదగడం మాత్రం ఆశ్చర్యం కాదు. లాటిన్‌లో డబ్బును చెప్పే ‘పెకూనియా’ పశువు అనే మాట నుంచి పుట్టింది, సంస్కృతంలోని ‘పశు’ దాని బంధువే. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ‘సొమ్ము’. ఆ మాటకు డబ్బు, ఆస్తి, నగ అని అర్థాలుండగా, ఉత్తరాంధ్ర పల్లెల్లో ‘సొమ్ములు’ అంటే కట్టుగొయ్యకు కట్టేసిన ఆవులూ ఎద్దులే.

డబ్బుకు చెప్పే మాట ప్రేమగా పిలిచే మాట ఎలా అయింది?

మెల్లగా, మెట్టు మెట్టుగా. మొదటి మెట్టు నాణెం. రెండవ మెట్టు ఆ నాణేల రాశి, అంటే కూడబెట్టినది. మూడవ మెట్టు దాచి కాపాడుకొనేది. ఇక్కడే అర్థం అసలైన మలుపు తిరిగింది. డబ్బును ఖర్చు పెడతాము, నిధిని కాపాడతాము. ఖర్చు అనే భావన తొలగిపోయి కాపాడుకోవడం అనే భావన మిగిలిన తరువాత, మనసు ఏది కాపాడుకుంటే అది నిధి కావడానికి అడ్డేమీ లేదు. మధ్యయుగాల చివరి నాటికి ప్రియమైన మనిషిని ‘షట్స్’ అనడం జర్మన్ మాటల్లో కనిపిస్తుంది.

ఈ మలుపుకు మతభాష కూడా తోడ్పడి ఉంటుందని నా అభిప్రాయం. మత్తయి సువార్తలో ‘నీ ధనమెక్కడ నుండునో అక్కడనే నీ హృదయము ఉండును’ అని తెలుగు బైబిలులో చదివే వాక్యంలో, 1522లో మార్టిన్ లూథర్ ప్రచురించిన జర్మన్ కొత్త నిబంధన ‘షట్స్’ అనే మాటనే వాడింది. నిధి, హృదయం అనే రెండు మాటలు చర్చిలో ఒకే వాక్యంలో వినిపించిన సమాజంలో ఆ రెండింటి మధ్య దూరం తగ్గకుండా ఉండదు. పిలుపు లూథర్ కంటే ముందే పుట్టింది కాబట్టి ఆయన దాన్ని సృష్టించాడని అనలేము. దానికి బరువు కలిపాడని మాత్రం అనవచ్చు.

మాటను ఇల్లిల్లూ తిప్పినవి మాత్రం జానపద గీతాలు. ఊరు విడిచి వెళ్లే యువకుడు, యుద్ధానికి పోయే సైనికుడు, పనికోసం దేశం తిరిగే చేతిపనివాడు వెనక వదిలివెళ్లే పిల్లను ‘మైన్ షట్స్’ అంటారు. స్వరకర్త ఫ్రీడ్రిష్ జిల్హర్ 1827లో ప్రచురించిన ‘ముస్ ఇ డెన్’ అనే ష్వాబియా ప్రాంతపు వీడ్కోలు పాటలో ‘నేను పట్టణం దాటి పోవలసి ఉంది, నా షట్స్, నువ్వు ఇక్కడే ఉంటున్నావు’ అన్న భావం మొదటి పంక్తుల్లోనే వస్తుంది. జర్మనీలో సైనిక సేవ చేసి వచ్చిన ఎల్విస్ ప్రెస్లీ 1960లో ఇదే బాణీని ఇంగ్లీషులో పాడుతూ కొన్ని పంక్తులను జర్మన్‌లోనే ఉంచాడు, ‘మైన్ షట్స్’ అన్న పిలుపుతో సహా.

డేనిష్‌లో ఇదే మాటకు ‘పన్ను’ అని అర్థమట కదా?

అవును. డేనిష్‌లో ‘స్కట్’ అంటే పన్ను, నిధి, ‘బంగారం’ లాంటి ముద్దుపిలుపు, మూడూను. స్వీడిష్‌లోనూ పన్నుకూ నిధికీ ఒకటే మాట. ఈ రెండు భాషలకూ మూలమైన పాత నార్స్‌లో దీనికి కప్పం అనే అర్థం బలపడింది. ప్రజల చేతిలోని నాణెం రాజు చేతికి వెళితే కప్పం, రాజు కొట్లో చేరితే నిధి. డెన్మార్క్ పన్నుల శాఖకు 2018లో విడదీసేవరకు ‘స్కట్’ అన్నదే అధికారికమైన పేరు. మన ‘పన్ను’తో దీన్ని పోల్చరాదు, నోటిలోని పన్నూ సర్కారుకు కట్టే పన్నూ వేర్వేరు మూలాల నుంచి వచ్చి ఒకేలా వినిపించే రెండు మాటలు, డేనిష్‌లో ఉన్నది ఒకే మాట, మూడు కొమ్మలు.

నీబెలుంగుల నిధి కథలో కూడా ఈ మాటేనా?

ఇదీ కనిపిస్తుంది, కానీ ముఖ్యమైన మాట వేరు. సుమారు 1200 ప్రాంతంలో రచించిన ఆ జర్మన్ పురాణకావ్యంలో రైన్ నదిలో ముంచిన నిధికి పేరుగా నిలిచిన మాట ‘హోర్ట్’. ఆ రోజుల్లో ‘షట్స్’ కంటే ‘హోర్ట్’ గంభీరమైన మాట. కాలం వాటి స్థానాలను మార్చింది: నేటి జర్మనీలో ‘హోర్ట్’ అంటే ఎక్కువమందికి బడి విడిచాక పిల్లలను చూసుకునే కేంద్రమే గుర్తుకొస్తుంది.

‘షెట్సెన్’, ‘వోర్ట్‌షట్స్’ లాంటి మాటలకు దీనితో సంబంధం ఉన్నదా?

దగ్గరి సంబంధమే ఉంది. ‘షెట్సెన్’ అనే క్రియ ‘షట్స్’ నుంచే పుట్టింది. విలువ కట్టడం, అంచనా వేయడం, గౌరవించడం అన్నవి దాని అర్థాలు. ‘మీ అభిప్రాయాన్ని షెట్సెన్ చేస్తాను’ అంటే దానికి నా దగ్గర విలువ ఉన్నదని. విలువకట్టలేనిదాన్ని ‘ఉన్‌షెట్స్‌బార్’ అంటారు. ‘షట్స్‌మైస్టర్’ సంఘాల కోశాధికారి. వియన్నాలో రాజకిరీటాలు ఉన్న ఖజానా ‘షట్స్‌కమర్’. ఈ కుటుంబంలో క్రూరమైన సభ్యుడు కూడా ఒకడున్నాడు: ఊరు తగలబెడతామని బెదిరించి సైన్యాలు డబ్బు గుంజడాన్ని ‘బ్రాంట్‌షట్సుంగ్’ అనేవారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘వోర్ట్‌షట్స్’, అంటే మాటల నిధి, పదసంపద. మనం పదకోశం అంటాము. కోశం అంటే ఖజానా. ఒకరికొకరు తెలియకుండానే రెండు భాషలూ మాటలను ధనాగారంలోనే దాచుకున్నాయి.

## వ్యాకరణం దగ్గర ఆగిపోయినప్పుడు

భార్యను పిలిచినా ఇది పుంలింగంగానే ఎందుకు ఉంటుంది? ‘మైనె షట్స్’ అనకూడదా?

అనకూడదు. జర్మన్‌లో లింగం మనిషిది కాదు, మాటది. ‘షట్స్’ పుంలింగ శబ్దం కాబట్టి భర్తయినా, భార్యయినా, కూతురయినా ‘మైన్ షట్స్’ అనే పిలవాలి. స్త్రీలింగం కదా అని ‘మైనె షట్స్’ అనడం జర్మన్ నేర్చుకునే మనవారు తొలి ఏడాదిలో తరచుగా చేసే పొరపాటు. గుస్తావ్ మాలర్ 1880లలో స్వరపరిచిన పాటల వరుసలో మొదటిది ‘నా షట్స్ పెళ్లాడే రోజు నాకు దుఃఖదినం’ అనే భావంతో మొదలవుతుంది. అక్కడ పెళ్లాడుతున్నది అమ్మాయి, శబ్దం మాత్రం పుంలింగం, పాట వినే జర్మన్‌కు అందులో వింత ఏదీ తోచదు.

తెలుగు ఇళ్లలో కూతుర్ని ‘ఏం నాన్నా, తిన్నావా?’ అని, కొడుకును ‘రా తల్లీ’ అని పిలుస్తుంటాము. ముద్దు ముందు లింగం తలవంచుతుందని మనకు ఎవరూ నేర్పనవసరం లేదు. తరువాతి వాక్యంలో మాత్రం జర్మన్లు మనిషిని బట్టే మాట్లాడతారు: ‘నా షట్స్‌కు జ్వరం’ అన్న తరువాత ఆమె అయితే ‘జీ’ అని, అతడయితే ‘ఎర్’ అని కొనసాగిస్తారు. విభక్తులు మారేటప్పుడు మామూలు పుంలింగ నియమాలే వర్తిస్తాయి: పిలిచేటప్పుడు ‘మైన్ షట్స్’, కర్మగా ‘మైనెన్ షట్స్’, ‘నా షట్స్‌తో’ అన్నప్పుడు ‘మిట్ మైనెమ్ షట్స్’. బహువచనం ‘షెట్సె’.

షట్సి, షెట్స్‌హెన్, షెట్స్‌లైన్, షట్సర్ల్ అన్నీ ఒకటేనా?

మూలం ఒకటే, ప్రాంతమూ స్వరమూ వేరు. ‘-హెన్’, ‘-లైన్’ అనేవి జర్మన్‌లో చిన్నదనాన్ని, ముద్దునూ చెప్పే ప్రత్యయాలు. అవి చేరినప్పుడు లోపలి అచ్చు ‘అ’ నుంచి ‘ఎ’కు మారుతుంది. ‘షెట్స్‌లైన్’ ఇప్పుడు పాత పాటల్లోనే ఎక్కువ. ష్వాబియాలో ‘షెట్స్‌లె’, స్విట్జర్లాండులో ‘షెట్స్‌లి’, ఆస్ట్రియా, బవేరియాలలో ‘షట్సర్ల్’ వినిపిస్తాయి. ‘షట్సి’ అన్ని ప్రాంతాల్లోనూ తిరిగే గారాబం మాట, మన ‘బంగారూ’ అని చివర సాగదీసినట్టు. గంభీరంగా మాట్లాడే జంటలు దానికి దూరంగా ఉంటారు, మిగిలినవారు హాయిగా వాడతారు.

‘షెట్స్‌హెన్’ నపుంసకలింగమట. ఆడవాళ్లను వస్తువుల్లో కలిపినట్టు కాదా?

అలా అనుకోనక్కరలేదు. ‘-హెన్’, ‘-లైన్’ చేరిన ప్రతి మాటా జర్మన్‌లో నపుంసకమే అవుతుంది. మగవాడిని ‘షెట్స్‌హెన్’ అన్నా అది నపుంసకమే. ‘అమ్మాయి’ అని అర్థమిచ్చే ‘మేట్‌హెన్’ కూడా ఈ నియమం వల్లనే నపుంసకం. ఇది ప్రత్యయం చేసే పని, స్త్రీల మీద తీర్పు కాదు. తెలుగులో ‘అమ్మాయి వచ్చింది’, ‘బండి వచ్చింది’ అని ఏకవచనంలో ఒకే క్రియారూపం వాడుతున్నాము. ఆ వాడుకలో ఇంటి ఆడపిల్లను బండితో సమానం చేసే ఉద్దేశం మనకు ఎలా లేదో, అక్కడా అలాగే లేదు.

## నలుగురిలో వాడేటప్పుడు

‘షట్స్’ అని పిలిచారంటే ప్రేమిస్తున్నట్టేనా?

ఈ మాట ప్రేమ ప్రకటన కాదు, ఇంటి పిలుపు. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే సంగతి ఇదే. జర్మన్‌లో ప్రేమను ప్రకటించే వాక్యం ‘ఇహ్ లీబె డిహ్’, దాన్ని వారు ఆచితూచి అంటారు. తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, ఆప్తమిత్రులకు ‘ఇహ్ హాబ్ డిహ్ లీబ్’ అనే మెత్తని వాక్యం వేరే ఉంది. ‘షట్స్’ ఈ రెండిటికీ అవతల, అప్పటికే కుదిరిన బంధంలో పేరుకు బదులుగా వచ్చే మాట. ‘షట్స్, పాలు అయిపోయాయి’ అన్నప్పుడు ఎవరి గుండే వేగంగా కొట్టుకోదు. ‘షట్స్, మనం మాట్లాడుకోవాలి’ అన్నప్పుడు కొట్టుకోవచ్చు, అది ‘షట్స్’ వల్ల కాదు.

దగ్గరి స్నేహితురాళ్లు కూడా ఒకరినొకరు ఇలా పిలుచుకుంటారు. కొత్తగా పరిచయమైన వ్యక్తి వెంటనే ‘మైన్ షట్స్’ అని రాయడం మొదలుపెడితే మాత్రం అది తొందరపాటు చనువని జర్మన్లూ భావిస్తారు. ముఖం చూడని పరిచయంలో, అందులోనూ డబ్బు ప్రస్తావన వచ్చే చోట, ఆ మాటను జాగ్రత్తకు గుర్తుగా తీసుకోవాలి.

పిల్లల్ని ఇలా పిలవవచ్చునా?

నిరభ్యంతరంగా పిలవవచ్చు. తల్లిదండ్రులు, తాతయ్యలు, అమ్మమ్మలు పసివారిని ‘షట్స్’, ‘షట్సి’ అనడం నిత్యం వినిపిస్తుంది. ఎవరి పిల్లలను వారు. పొరుగింటి పిల్లవాడిని అలా పిలిచే అలవాటు అక్కడ తక్కువ.

మా జర్మన్ కోడలు మా అబ్బాయిని అందరి ముందూ ‘షట్స్’ అంటుంది. పెద్దల ముందు అలా అనడం తప్పు కాదా?

తప్పు కాదు. ఆమె ఊళ్లో అది ‘ఏమండీ’ లాంటిది. భర్తను పేరు పెట్టి పిలవకుండా ‘ఏమండీ’ అనడంలో మన పెద్దలకు మర్యాద వినిపిస్తుంది. తన వారి ముందు భర్తను ‘షట్స్’ అనడంలో జర్మన్ అత్తమామలకు కాపురం చల్లగా ఉన్నదన్న సంగతి వినిపిస్తుంది. పడకగదిలో అనే మాటను హాలులో అంటున్నదని మన పెద్దలు నొచ్చుకోవలసిన పని లేదు, ఎందుకంటే వారి భాషలో ఇది మొదటి నుంచీ హాలులో మాటే. భార్యాభర్తలిద్దరూ ‘డూ’, అంటే ‘నువ్వు’, అనే చెప్పుకుంటారు. అందులోనూ అమర్యాద లేదు. కోడలికి ‘ఏమండీ’ని నేర్పి, అత్తగారు ‘షట్స్’ అర్థం తెలుసుకుంటే ఇద్దరికీ మేలు.

ఆఫీసులో సరదాగా అనవచ్చునా?

వద్దు. సహోద్యోగిని పిలవడానికి ఇది తగిన మాట కాదు. పై అధికారి కింద పనిచేసే స్త్రీని ‘షట్సి’, ‘షెట్స్‌హెన్’ అంటే అది చులకన చేయడమే, ఫిర్యాదుకు కూడా దారితీయవచ్చు. జర్మనీలో 2006 నుంచి అమల్లో ఉన్న సమాన వ్యవహార చట్టం పనిచోట లైంగిక వేధింపును నిషేధిస్తున్నది. సాయం చేసిన సహోద్యోగితో ‘నువ్వు ఒక షట్స్‌వి’ అనడం వేరు. అది పిలుపు కాదు, మెచ్చుకోలు, అది కూడా ‘డూ’ అనుకునే చనువు ఉన్నచోటనే.

దుకాణంలో పెద్దావిడ నన్ను ‘షెట్స్‌హెన్’ అన్నది. ఏమనుకోవాలి?

ఆప్యాయత అనుకోవాలి. రైన్ తీరంలో, రూర్ ప్రాంతంలో, బెర్లిన్‌లో రొట్టెల దుకాణం నడిపే పెద్దావిడలు వచ్చినవారిని ఇలా పలకరిస్తుంటారు. మన కూరగాయల బండి అమ్మ ‘ఏం కావాలి తల్లీ’ అన్నట్టే. అదే మాటను వాదన మధ్యలో ‘ఇదిగో చూడు, షెట్స్‌హెన్’ అని ఎవరైనా అంటే అది తీసిపారేయడం. మాట ఒకటే, గొంతు వేరు.

‘లీబ్లింగ్’కూ దీనికీ తేడా ఏమిటి? జంతువుల పేర్లతో కూడా పిలుస్తారట?

‘లీబ్లింగ్’లో ‘లీబ్’ అంటే ప్రియమైన; కాబట్టి అది సూటిగా ‘ప్రియమైనవాడు’, ‘ప్రియమైనది’. దానికి ‘అన్నిటికన్నా ఇష్టమైన’ అనే మరో వాడుక ఉంది: ఇష్టమైన రంగు, ఇష్టమైన వంట చెప్పడానికి ఆ మాటల ముందు ‘లీబ్లింగ్స్’ చేరుస్తారు. పిలుపుగా అది ఈనాటి యువతకు కొంచెం పాతబడినట్టు, సినిమా సంభాషణలా వినిపిస్తుంది. ‘షట్స్’ అలా పాతబడలేదు. జంతువుల పేర్లూ నిజమే: ‘మౌస్’ అంటే ఎలుక, ‘హాజె’ అంటే కుందేలు, ‘ష్పట్స్’ అంటే పిచ్చుక. ‘ష్పట్స్’, ‘షట్స్’ ప్రాస కలిసినందువల్ల చెవికి ఒకటిగా తోచవచ్చు. పిచ్చుక అనే మాటను ఎక్కువగా పిల్లలకు వాడతారు.

## చదివేటప్పుడు, అనువదించేటప్పుడు

ఫ్రాంక్‌ఫర్టులో బ్యాంకు కాగితాల మీద ‘షట్స్’ అని కనిపించింది. ఇదేమిటి?

అది జర్మన్ సమాఖ్య ప్రభుత్వం రెండేళ్ల గడువుతో తీసుకునే అప్పు పత్రం. పూర్తి పేరు ‘బుండెస్‌షట్స్‌అన్‌వైజుంగ్’. పేరు పొడుగు కావడంతో బజారులో ‘షట్స్’ అని కుదించారు. ఇక్కడ ఈ మాటకు ఉన్నది ఖజానా అనే పాత అర్థం.

టోల్కీన్ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ జర్మన్ అనువాదంలో, ఉంగరం మీద వ్యామోహం పట్టిన గొల్లమ్ అనే పాత్ర దాన్ని ‘మైన్ షట్స్’ అంటాడు. అది పిలుపా, వస్తువా?

రెండూ ఒకేసారి కావడమే అక్కడి అందం. టోల్కీన్ రాసిన ఇంగ్లీషు మాటలో ‘అమూల్యమైనది’ అనే అర్థమే ప్రధానం. జర్మన్ అనువాదంలో ‘మైన్ షట్స్’ అనగానే ఉంగరం నిధి కూడా అయింది, ప్రేయసి కూడా అయింది. అనువాదంలో మూలం కంటే ఎక్కువ పలికిన అరుదైన చోట్లలో ఇది ఒకటి.

తెలుగులోకి ఎలా అనువదించాలి? ‘ప్రియతమా’ బాగుంటుందా?

సంభాషణలో బాగుండదు. ‘ప్రియతమా’ పాటలో పలుకుతుంది, వంటింట్లో పలకదు. ‘నా నిధీ’ అంటే నిఘంటువు కనిపిస్తుంది, మనిషి కనిపించడు. నేను ముందుగా చూసేది ‘బంగారం’. లోహం పేరు పిలుపు కావడం, ఆడా మగా చిన్నా పెద్దా అందరికీ చెల్లడం, రోజువారీ మాటల్లో అరగకపోవడం అనే మూడు లక్షణాలూ కలుస్తాయి. జర్మన్‌లో ‘గోల్ట్‌షట్స్’, అంటే బంగారు నిధి, అనే పిలుపు కూడా ఉన్నదంటే రెండు భాషల మనసు ఎంత దగ్గరో తెలుస్తుంది. తల్లి బిడ్డతో అన్నప్పుడు ‘కన్నా’, ‘బుజ్జీ’ కుదురుతాయి. వయసు మళ్లిన దంపతుల మాటల్లో మాత్రం భార్య నోట ‘బంగారం’ తెలుగు చెవికి నప్పదు; అక్కడ ‘ఏమండీ’, భర్త నోట ‘ఏమోయ్’ పెట్టడమే నిజాయితీ. పిలుపును కాదు, ఆ ఇద్దరి మధ్య ఉన్న చనువును అనువదించాలి.

పాత ఉత్తరాల్లో ‘మైన్ లీబర్ షట్స్’ అని ఉంటుంది. ‘నా ప్రియమైన బంగారం’ అనవచ్చునా?

అనవచ్చు కానీ ఒక మాట తగ్గించుకుంటే మేలు. ‘లీబర్’ జర్మన్ ఉత్తరాల్లో సంప్రదాయంగా వచ్చే సంబోధన, తమ్ముడికి రాసినా స్నేహితుడికి రాసినా అదే ఉంటుంది, కాబట్టి దానిలో విడిగా ప్రేమ బరువు చూడనక్కరలేదు. భార్యకు రాసిన ఉత్తరంలోనూ అది పుంలింగ రూపమైన ‘లీబర్’ గానే ఉంటుంది. ఆ రూపాన్ని చూసి ఉత్తరం మగవారికి రాశారని పొరబడకూడదు. ఇక ‘మైన్’, అంటే ‘నా’: జర్మన్లు నోటితో పిలిచేటప్పుడు దాన్ని తరచు వదిలేసి, రాతలో నిలుపుకుంటారు. తెలుగులో ‘బంగారం’ అనే పిలుపుకు ‘నా’ అవసరం లేదు. యుద్ధభూమి నుంచి ఇంటికి రాసిన ఉత్తరమైతే నేను ఆ ‘నా’ను ఉంచి, ‘ప్రియమైన’ను తీసివేస్తాను: ‘నా బంగారం’ అని మొదలుపెట్టి, కామా పెట్టి, తరువాతి వాక్యానికి వెళ్లిపోతాను.